అప్పు ఒక బ్యాంకుది, ఖాతా మరో బ్యాంకుది

2023 మార్చి 1న దేశంలో దాదాపు 30 లక్షల మంది బ్యాంకు మారారు. వారిలో ఎక్కువ మంది ఆ రోజు ఏ బ్రాంచికీ వెళ్లలేదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. సిటీ బ్యాంకు భారత్‌లోని తన క్రెడిట్ కార్డులు, సేవింగ్స్ ఖాతాలు, గృహ రుణాలు, సంపన్నుల పెట్టుబడి సేవలు మొత్తాన్నీ యాక్సిస్ బ్యాంకుకు అప్పగించిన రోజది. ధర రూ. 11,603 కోట్లు. ఏడు కార్యాలయాలు, 21 బ్రాంచీలు, 499 ఏటీఎంలు 18 నగరాల్లో చేతులు మారాయి. 1902లో కలకత్తాలో అడుగుపెట్టిన అమెరికన్ బ్యాంకు నూట ఇరవై ఏళ్ల తర్వాత భారత్ నుంచి తప్పుకుందన్న భావన చాలామందిలో కలిగింది.

నిజానికి సిటీ ఎక్కడికీ పోలేదు. సామాన్య ఖాతాదారుల కౌంటరును మూసి, కంపెనీల తలుపును మాత్రం తెరిచే ఉంచింది. 2021 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు సీఈఓ జేన్ ఫ్రేజర్ 13 దేశాల్లో వినియోగదారుల బ్యాంకింగ్ నుంచి వైదొలుగుతామని ప్రకటించినప్పుడే ఈ సంగతి స్పష్టంగా చెప్పారు. ఆ దేశాల్లో సంస్థాగత ఖాతాదారుల సేవలు యథాతథంగా సాగుతాయన్నారు. అమ్మేసినదానికి పేరు ఉంది, ప్రకటనలు ఉన్నాయి, మాల్స్‌లో డిస్కౌంట్లు ఉన్నాయి. ఉంచుకున్నదానికి అవేమీ లేవు. దాని ఖాతాదారులు కంపెనీల ఫైనాన్స్ విభాగాల్లో కూర్చునే కొన్ని వందల మంది ఉద్యోగులు. ఈ రెండో వ్యాపారం ఏమిటో, విదేశీ బ్యాంకులు దాన్ని ఎందుకు వదులుకోవో అర్థమైతే, భారతీయ బ్యాంకింగ్‌లో గత పదేళ్లుగా నడుస్తున్న ఒక గొడవ కూడా అర్థమవుతుంది.

సిటీది ఒంటరి దారి కాదు. స్టాండర్డ్ చార్టర్డ్ 2024 అక్టోబరులో దాదాపు రూ. 4,100 కోట్ల వ్యక్తిగత రుణాల పద్దును కోటక్ మహీంద్రా బ్యాంకుకు అమ్మేందుకు ఒప్పందం చేసుకుంది. హెచ్‌ఎస్‌బీసీ 2025లో శ్రీలంకలోని రిటైల్ వ్యాపారాన్ని నేషన్స్ ట్రస్ట్ బ్యాంకుకు అమ్మడానికి సిద్ధపడింది, బంగ్లాదేశ్‌లో రిటైల్‌ను దశలవారీగా మూసేస్తామని చెప్పింది. రెండు చోట్లా కార్పొరేట్ బ్యాంకింగ్‌ను ముట్టుకోలేదు. భారత్‌లో మాత్రం అదే హెచ్‌ఎస్‌బీసీ కొత్తగా 20 నగరాల్లో బ్రాంచీలు తెరవడానికి రిజర్వ్ బ్యాంకు అనుమతి తెచ్చుకుంది. అయితే ఆ బ్రాంచీలు చూసేది సంపన్నుల వైపు, విదేశాల్లో పిల్లలున్న కుటుంబాల వైపు. సేవింగ్స్ పాస్‌బుక్కు పట్టుకుని వచ్చే మనిషి ఆ లెక్కలో లేడు.

సబ్బుల కంపెనీ సాయంత్రం

కార్పొరేట్ బ్యాంకింగ్ అనగానే తెలుగు పాఠకుడికి గుర్తొచ్చేవి వేల కోట్ల అప్పులు, ఎగవేతలు, దేశం విడిచి పారిపోయిన ప్రమోటర్లు. బహుళజాతి కంపెనీల విషయంలో అప్పు చాలా చిన్న భాగం. వాటికి కావలసినది డబ్బు కదలిక. సబ్బులు, షాంపూలు అమ్మే ఒక విదేశీ కంపెనీ భారతీయ విభాగాన్ని తీసుకుంటే, దానికి దేశమంతటా రెండు మూడు వేల మంది డిస్ట్రిబ్యూటర్లు ఉంటారు. తెనాలిలో ఒకరు, కరీంనగర్‌లో ఒకరు, గోరఖ్‌పూర్‌లో మరొకరు. ప్రతివాడూ సరుకు ఎత్తుకున్న తర్వాత డబ్బు పంపుతాడు. ఎవరు పంపారు, ఏ ఇన్‌వాయిస్‌కు పంపారు, ఎంత తగ్గించి పంపారు అన్నది తేలేదాకా తర్వాతి లారీ కదలదు.

పాతికేళ్ల కిందట ఈ పని చెక్కుల మీద నడిచేది. విదేశీ బ్యాంకుకు తెనాలిలో బ్రాంచి ఉండదు కాబట్టి, అక్కడ బ్రాంచి ఉన్న భారతీయ బ్యాంకుతో ఒప్పందం చేసుకుని దాని ద్వారా చెక్కులు వసూలు చేయించేది. ఎండలో తిరిగి చెక్కు తెచ్చి క్లియరింగ్‌కు వేసేది స్థానిక బ్యాంకు సిబ్బంది. కంపెనీకి బిల్లు వేసేది ముంబైలోని విదేశీ బ్యాంకు. ఇప్పుడు ప్రతి డిస్ట్రిబ్యూటర్‌కూ ఒక వర్చువల్ అకౌంట్ నంబరు ఇస్తారు. నిజానికి అన్ని నంబర్లూ ఒకే ఖాతాలోకి దారితీస్తాయి. కానీ డబ్బు ఏ నంబరుకు వచ్చిందో చూసి పంపినవాడెవరో కంప్యూటర్ తేల్చేస్తుంది, కంపెనీ లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఆ బాకీ దానంతటదే కొట్టివేతకు గురవుతుంది.

సాయంత్రమయ్యేసరికి అన్ని ఖాతాల్లోని నిల్వలూ ఒక ప్రధాన ఖాతాలోకి ఊడ్చుకుని వస్తాయి. అందులోంచి జీతాలు, జీఎస్టీ, టీడీఎస్, పాల్మొలెయిన్ సరఫరాదారు బిల్లు వెళ్తాయి. మూడు నెలలకోసారి మాతృ సంస్థకు రాయల్టీ వెళ్తుంది. అది డాలర్లలో వెళ్లాలి కాబట్టి చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్, పన్ను కోత, విదేశీ మారకం నిబంధనల తనిఖీ అన్నీ కావాలి. తప్పు జరిగితే నోటీసు వచ్చేది కంపెనీకే. అందుకే సింగపూర్‌లోనో లండన్‌లోనో కూర్చున్న ఆ కంపెనీ ప్రాంతీయ ట్రెజరీ అధికారి వడ్డీ పావు శాతం ఎక్కువా తక్కువా అని అంతగా పట్టించుకోడు. తన కంప్యూటర్ తెరమీద ముప్పై దేశాల నిల్వలు ఒకే వరుసలో, ఒకే ఫార్మాట్‌లో కనిపించాలంటాడు. ఆసియా మొత్తానికి ఒకే బ్యాంకును ఎంచుకుంటాడు. భారతీయ విభాగం ఫైనాన్స్ హెడ్‌కు ఆ నిర్ణయం ఈమెయిల్‌లో వస్తుంది.

దీనిలో బ్యాంకుకు దక్కేది ఏమిటి? మొదటిది, కరెంటు ఖాతాలోని నిల్వ. మన దేశంలో కరెంటు ఖాతాకు వడ్డీ ఇవ్వకూడదు. కంపెనీలు తెలివైనవి, అనవసరంగా ఒక్క రూపాయి కూడా అక్కడ వదలవు. అయినా రేపు ఉదయం జీతాలకని ఈ రాత్రి ఉంచిన సొమ్ము, పన్ను గడువుకు ముందు రోజు పోగుచేసిన సొమ్ము, ఇలా వందల కంపెనీలవి కలిస్తే అది బ్యాంకుకు దొరికే అత్యంత చవకైన డబ్బు. రెండోది, డాలరు కొన్నా అమ్మినా మిగిలే పైసలు. మూడోది, ఫీజులు. ఇవన్నీ అప్పివ్వకుండానే వచ్చే ఆదాయం. అప్పు లేదు కాబట్టి ఎగవేత లేదు, ఎగవేత లేదు కాబట్టి దానికోసం పక్కన పెట్టాల్సిన మూలధనమూ తక్కువ. విదేశీ బ్యాంకులు దేశంలో నలభైకి పైగా ఉన్నా మొత్తం బ్యాంకింగ్ ఆస్తుల్లో వాటి వాటా పదో వంతు లేదు. కానీ ఫార్వర్డ్ కాంట్రాక్టులు, డెరివేటివ్‌లు, గ్యారంటీల వంటి బ్యాలెన్స్ షీట్ బయటి పద్దులు చూస్తే వాటి పరిమాణం సొంత బ్యాలెన్స్ షీట్‌కు ఎన్నో రెట్లు. వాటి అసలు దుకాణం అక్కడుంది.

రూపాయి పూర్తిగా స్వేచ్ఛగా మారే కరెన్సీ కాకపోవడం కూడా ఈ దుకాణానికి మేలే చేసింది. ఎగుమతిదారు విదేశీ కరెన్సీ ఖాతాలో జమైన డాలర్లను మరుసటి నెలాఖరులోగా రూపాయల్లోకి మార్చాలన్న నిబంధన వంటివి డజన్ల కొద్దీ ఉన్నాయి. యూరప్‌లో పది దేశాల నిల్వల్ని ఒకే కుండలో కలిపే కంపెనీ, భారత్‌లోని రూపాయల్ని అలా సరిహద్దు దాటించి కలపలేదు. ప్రతి అడ్డంకికీ ఒక అనుమతి పత్రం, ప్రతి పత్రానికీ ఒక నిపుణుడు, ప్రతి నిపుణుడికీ ఒక ఫీజు. నిబంధనలు కఠినంగా ఉన్న దేశం సామాన్యుడికి చికాకు. కార్పొరేట్ బ్యాంకరుకు అదే బతుకుదెరువు.

హైదరాబాద్ చేతులు

ఈ వ్యాపారం గత పదేళ్లలో ఇంతగా పెరగడానికి పెద్ద కారణం గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు. నాస్కామ్, జిన్నోవ్ సంస్థల 2024 నివేదిక ప్రకారం దేశంలో ఇవి 1,700 దాటాయి, 19 లక్షల మందికి ఉద్యోగాలిస్తున్నాయి, వాటి ఆదాయం 6,460 కోట్ల డాలర్లు. బెంగళూరు తర్వాత వీటికి పెద్ద నెలవు హైదరాబాద్. ఒక్కో సెంటర్ ఆర్థిక రూపం చాలా సాదాసీదా. మాతృ సంస్థ ఖర్చులకు కొంత శాతం లాభం కలిపి నెలనెలా డాలర్లు పంపుతుంది. వాటిని రూపాయల్లోకి మార్చి జీతాలు, అద్దె, పన్నులు కట్టాలి. వచ్చేది డాలరు, పోయేది రూపాయి. రూపాయి ఎటు కదిలినా బడ్జెట్ మారిపోతుంది కాబట్టి ఏడాది ముందే డాలరు ధరను ఖాయం చేసుకోవాలి. మాతృ సంస్థకు న్యూయార్క్‌లో ఏ బ్యాంకు ఉందో గచ్చిబౌలిలోనూ అదే బ్యాంకు ఉంటుంది. స్థానిక బ్యాంకు పోటీకి వచ్చేలోపే ఆట ముగిసిపోతుంది.

ఇందులో ఒక వింత ఉంది. ఆ ప్రపంచ బ్యాంకుల వెనుక గది కూడా మన దగ్గరే ఉంది. జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో, బ్యాంక్ ఆఫ్ అమెరికా, హెచ్‌ఎస్‌బీసీ వంటి సంస్థలకు హైదరాబాద్‌లో వేలాది ఉద్యోగులున్నారు. చెల్లింపుల తనిఖీ, ఖాతాల సరిపోలిక, మనీలాండరింగ్ అలర్ట్‌ల పరిశీలన ఇక్కడి షిఫ్టుల్లో జరుగుతాయి. ఈ పని ఎంత సున్నితమైనదో 2020 ఆగస్టులో ప్రపంచం చూసింది. రెవ్లాన్ కంపెనీ అప్పుకు ఏజెంటుగా ఉన్న సిటీ, రుణదాతలకు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపబోయి దాదాపు 90 కోట్ల డాలర్లు పంపేసింది. లావాదేవీని కంప్యూటర్‌లో ఎక్కించినవారు, సరిచూసినవారు భారత్‌లోని ఒక ఐటీ సేవల కంపెనీ ఉద్యోగులు. తుది ఆమోదం ఇచ్చింది అమెరికాలోని సిటీ అధికారి. ముగ్గురూ ఒకే పెట్టెలో టిక్కు పెడితే చాలనుకున్నారు, పెట్టాల్సినవి మూడు. వారు వాడిన ఫ్లెక్స్‌క్యూబ్ సాఫ్ట్‌వేర్ కూడా ఒకప్పుడు సిటీ గ్రూపు ముంబైలో మొదలుపెట్టిన కంపెనీ నుంచి పుట్టి ఒరాకిల్ చేతికి వెళ్లినదే. రుణదాతల్లో కొందరు సుమారు 50 కోట్ల డాలర్లు తిరిగివ్వనన్నారు. 2021 ఫిబ్రవరిలో న్యూయార్క్ కోర్టు వారి పక్షాన తీర్పిచ్చింది, 2022 సెప్టెంబరులో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది.

చేతులు ఇక్కడివి, సాఫ్ట్‌వేర్ మూలం ఇక్కడిది, ఖాతా పుస్తకం మాత్రం అక్కడిది. భారతీయ బ్యాంకులు ఇదే పనిని తమ పేరుతో ఎందుకు చేయలేకపోతున్నాయన్న ప్రశ్నకు నైపుణ్యం లేకపోవడం జవాబు కాదని ఈ ఒక్క ఉదంతం చాలు. స్టేట్ బ్యాంకుకు విదేశాల్లో కార్యాలయాలు లేవా అంటే ఉన్నాయి. కానీ అవి ఎక్కువగా ప్రవాస భారతీయులను, భారతీయ కంపెనీలను వెతుక్కుంటూ వెళ్లినవి. జర్మన్ రసాయనాల కంపెనీకి వియత్నాంలో జీతాలు పంపిణీ చేసే స్థితిలో ఏ భారతీయ బ్యాంకూ లేదు.

ఇరవై బ్రాంచీల గీత

విదేశీ బ్యాంకులు సామాన్యుడికి దూరంగా ఉండటంలో మన నిబంధనల పాత్ర కూడా తక్కువేమీ కాదు. ప్రాధాన్య రంగాలకు 40 శాతం రుణాలివ్వాలన్న నియమం అందరికీ వర్తిస్తుంది. కానీ 20 అంతకంటే ఎక్కువ బ్రాంచీలున్న విదేశీ బ్యాంకు, దేశీయ బ్యాంకులాగే వ్యవసాయానికి 18 శాతం, బలహీన వర్గాలకు 12 శాతం వంటి ఉప లక్ష్యాలను కూడా అందుకోవాలి. 20 కంటే తక్కువ ఉంటే ఆ ఉప లక్ష్యాలు లేవు. 40 శాతంలో 32 శాతం దాకా ఎగుమతి రుణాలతో నింపుకోవచ్చు. పెద్ద ఎగుమతిదారులకు రుణమివ్వడం ఈ బ్యాంకులకు ఎలాగూ ఇష్టమైన పనే. అంటే పందొమ్మిదో బ్రాంచికీ ఇరవయ్యో బ్రాంచికీ మధ్య మహబూబ్‌నగర్ రైతు నిలబడి ఉన్నాడు. చాలా బ్యాంకులు ఆ గీత దాటలేదు.

రిజర్వ్ బ్యాంకు 2013 నవంబరులో మరో దారి చూపింది. బ్రాంచీల రూపంలో కాకుండా పూర్తి అనుబంధ కంపెనీగా నమోదైతే దేశీయ బ్యాంకుతో దాదాపు సమానంగా చూస్తామంది. పన్నులో కూడా తేడా ఉంది. విదేశీ కంపెనీలపై పన్ను 2024 బడ్జెట్‌లో 40 నుంచి 35 శాతానికి తగ్గినా, దేశీయ కంపెనీ ఎంచుకోగల 22 శాతం రేటుకు అది చాలా ఎగువనే ఉంది. అయినా ఆ ఆహ్వానం తర్వాత పదేళ్లలో ఆ దారిన వచ్చి పని మొదలుపెట్టినవి మారిషస్‌కు చెందిన ఎస్‌బీఎం, సింగపూర్‌కు చెందిన డీబీఎస్ మాత్రమే. డీబీఎస్‌కు 2020 నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకును అప్పగించడంతో ఒక్క రాత్రిలో దక్షిణాది పట్టణాల్లో వందల బ్రాంచీలు వచ్చాయి. మిగతా పెద్ద బ్యాంకులు ఆ దృశ్యం చూసి తొందరపడలేదు.

వాటికి బ్రాంచీల అవసరమే తగ్గిపోయింది మరి. 2019 డిసెంబరు నుంచి నెఫ్ట్, 2020 డిసెంబరు నుంచి ఆర్‌టీజీఎస్ రోజంతా, సెలవుల్లో కూడా పనిచేస్తున్నాయి. తెనాలి డిస్ట్రిబ్యూటర్ ఆదివారం రాత్రి తన ఊళ్లోని యూనియన్ బ్యాంకు ఖాతా నుంచి పంపిన డబ్బు నిమిషాల్లో ముంబైలోని విదేశీ బ్యాంకు ఖాతాకు చేరుతుంది. ఒకప్పుడు అందుకోసం స్థానిక బ్యాంకుకు కమీషన్ ఇవ్వాల్సి వచ్చేది. రిజర్వ్ బ్యాంకు, జాతీయ చెల్లింపుల కార్పొరేషన్ సామాన్యుల కోసమని కట్టిన రహదారి మీద అతి బరువైన లారీలు ఎవరివో ఎవరూ పెద్దగా లెక్కగట్టలేదు.

ఆగస్టు 6 సర్క్యులర్

గొడవ ముదిరింది ఇక్కడే. 2018 మార్చి చివరికి ప్రభుత్వ రంగ బ్యాంకుల స్థూల నిరర్థక ఆస్తులు 14.6 శాతానికి చేరాయి. విద్యుత్, ఉక్కు, రోడ్ల కంపెనీలకు ఇచ్చిన పెద్ద అప్పులే అందుకు ముఖ్య కారణం. 2016-17 నుంచి ఐదేళ్లలో రూ. 3 లక్షల కోట్లకు పైగా మూలధనం ఆ బ్యాంకుల్లోకి వెళ్లింది. ఆ శవపరీక్షలో తేలిన సంగతుల్లో ఒకటి, అప్పిచ్చిన బ్యాంకుకు చాలాసార్లు ఆ కంపెనీ నగదు ప్రవాహం కనిపించేదే కాదు. అప్పు ప్రభుత్వ బ్యాంకులో తీసుకుని, సరుకు అమ్మగా వచ్చిన సొమ్మును ఇంకో బ్యాంకులోని కరెంటు ఖాతాలో వేసుకునేవారు. ఖాతా ఉన్న బ్యాంకుకు కంపెనీ ఆరోగ్యం రోజూ తెలిసేది, నష్టభయం మాత్రం ఉండేది కాదు. నష్టభయం మోసే బ్యాంకుకు వాయిదా తప్పిన రోజున తెలిసేది.

2020 ఆగస్టు 6న రిజర్వ్ బ్యాంకు ఈ ఏర్పాటును ఒక్క దెబ్బతో సరిచేయాలనుకుంది. క్యాష్ క్రెడిట్ లేదా ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకున్న ఖాతాదారుకు ఏ బ్యాంకూ విడిగా కరెంటు ఖాతా తెరవకూడదంది. అలాంటి అప్పు లేకుండా ఇతర రుణాలున్న కంపెనీల విషయంలో, మొత్తం రుణం రూ. 50 కోట్లు దాటితే డబ్బంతా ఎస్క్రో ఖాతా గుండానే వెళ్లాలంది. రూ. 5 కోట్లకూ 50 కోట్లకూ మధ్య ఉంటే రుణమిచ్చిన బ్యాంకులే కరెంటు ఖాతా తెరవాలి, మిగతావి వసూళ్ల ఖాతా మాత్రమే నడపాలి. ఓవర్‌డ్రాఫ్ట్ ఇచ్చినా మొత్తం రుణంలో పదో వంతు కూడా ఇవ్వని బ్యాంకు, ఆ ఖాతాలోని డబ్బును ఎక్కువ అప్పిచ్చిన బ్యాంకుకు మళ్లించాలి. ఒక్క మాటలో చెప్పాలంటే, ఖాతా కావాలంటే అప్పివ్వాలి.

దేశంలోని కంపెనీల వసూళ్ల వ్యాపారం మీద ఆధారపడ్డ విదేశీ బ్యాంకులకు, కొన్ని ప్రైవేటు బ్యాంకులకు ఇది గుండెల్లో రాయి. తాము డబ్బు దారి మళ్లించడం లేదని, చెల్లింపుల సేవ మాత్రమే అమ్ముతున్నామని వాటి వాదన. అందులో కొంత నిజం ఉంది. సబ్బుల కంపెనీ వంటి బహుళజాతి సంస్థ భారతీయ విభాగానికి అప్పే పెద్దగా ఉండదు, ప్రభుత్వ బ్యాంకును ముంచే ప్రసక్తి అంతకన్నా ఉండదు. కానీ ఓవర్‌డ్రాఫ్ట్ ఒక బ్యాంకులో, వసూళ్ల యంత్రాంగం మరో బ్యాంకులో పెట్టుకున్న వందలాది భారతీయ కంపెనీలకు ఏది మంచిదన్నది వేరే ప్రశ్న. ప్రభుత్వ బ్యాంకులు ఈ నిబంధనను స్వాగతించాయి. వాటి సంతోషంలో క్రమశిక్షణ మీద ప్రేమ ఎంతో, వడ్డీలేని నిల్వల మీద ఆశ ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

దెబ్బ తగిలింది మాత్రం ఈ వివాదంతో సంబంధం లేనివాళ్లకు. గడువులు పొడిగిస్తూ వచ్చి 2021 మధ్యకు వచ్చేసరికి బ్యాంకులు వేల సంఖ్యలో ఖాతాలు స్తంభింపజేశాయి. అందులో చాలా భాగం చిన్న వ్యాపారులవి. ఒక బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్, మరో బ్యాంకులో జీతాల ఖాతా ఉన్న పదిమంది పనివాళ్ల వర్క్‌షాపు యజమానికి చెక్కు తిరిగొచ్చాకే సర్క్యులర్ సంగతి తెలిసింది. పెద్ద కంపెనీలకు న్యాయ సలహాదారులున్నారు, అవి ముందే సర్దుకున్నాయి. రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబరు 29న వెనక్కి తగ్గింది. రూ. 5 కోట్ల లోపు రుణాలున్నవారికి మినహాయింపు ఇచ్చింది. అంతకు మించినవారు, ఓవర్‌డ్రాఫ్ట్ ఇచ్చి మొత్తం రుణంలో కనీసం పది శాతం మోస్తున్న ఏదైనా ఒక బ్యాంకులో కరెంటు ఖాతా ఉంచుకోవచ్చంది. లక్ష్యం సరైనదే. గురి పెట్టింది ఏనుగుకు, తగిలింది కుందేలుకు.

చిన్నవాడికి ఈ వ్యవస్థలో పడే అసలు కోత ఖాతా కంటే ధరలో ఉంది. ఒకే రోజు, ఒకే గంటలో, పెద్ద కంపెనీ కోటి డాలర్లు మార్చుకుంటే బ్యాంకు తీసుకునే మార్జిన్ ఒకటో రెండో పైసలు. భీమవరం రొయ్యల ఎగుమతిదారు లక్ష డాలర్లు మార్చుకుంటే అది చాలా పైసలు. మార్కెట్ ధర ఎంతో అతనికి కనిపించదు, బ్యాంకు చెప్పిందే ధర. ఈ తేడా తగ్గించాలని 2019 ఆగస్టులో ఎఫ్‌ఎక్స్-రిటైల్ అనే వేదిక తెచ్చారు. చిన్న ఖాతాదారు కూడా మార్కెట్ ధరకు దగ్గరగా కొనుక్కోవచ్చు. అయితే అందులో చేరాలంటే తన బ్యాంకు ద్వారానే చేరాలి. తన మార్జిన్‌కు గండి కొట్టే వేదిక గురించి ఖాతాదారుకు ఉత్సాహంగా చెప్పే బ్యాంకు మేనేజర్ అరుదు. ఎగుమతి రుణాల మీద వడ్డీ రాయితీ పథకం 2024 డిసెంబరు 31తో ముగిసింది. 2025లో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు రొయ్యల ప్లాంట్లకు ఒక్కో డాలరు మీద పోయే ఆ పైసలు కూడా లెక్కలోకి వచ్చాయి.

కొలంబో రేవులో ఓడలు

విదేశీ కార్పొరేట్ బ్యాంకుల మీద అతిగా ఆధారపడితే ఏమవుతుందో చూడాలంటే పొరుగు దేశాల వైపు చూడాలి. దిగుమతుల్లో లెటర్ ఆఫ్ క్రెడిట్ అనే పత్రం కీలకం. కొలంబోలోని బ్యాంకు ఇచ్చిన హామీని సింగపూర్‌లోని చమురు వ్యాపారి నమ్మకపోతే, దానికి ఒక పెద్ద అంతర్జాతీయ బ్యాంకు తన హామీని కూడా జత చేయాలని అడుగుతాడు. ఆ బ్యాంకు ప్రతి దేశానికీ ఒక పరిమితి పెట్టుకుంటుంది. ఆ పరిమితిని తగ్గించే నిర్ణయం కొలంబోలో జరగదు, పత్రికల్లో రాదు. లండన్‌లో ఒక కమిటీ ఒక అంకెను మారుస్తుంది, అంతే.

2022లో శ్రీలంకలో జరిగింది ఇదే. డాలర్లు అయిపోతున్నాయని తెలిసేకొద్దీ హామీలు కరిగిపోయాయి. ఇంధనం నింపుకున్న ఓడలు చెల్లింపు కోసం కొలంబో దగ్గర రోజుల తరబడి లంగరు వేసి నిలబడ్డాయి. ఏప్రిల్ 12న ఆ దేశం విదేశీ అప్పుల చెల్లింపును నిలిపేసింది. ఆ లోపే ఫిబ్రవరిలో ఇంధనం కోసం భారత ఎగ్జిమ్ బ్యాంకు 50 కోట్ల డాలర్ల రుణం, మార్చిలో ఆహారం, మందుల కోసం స్టేట్ బ్యాంకు 100 కోట్ల డాలర్ల రుణం ఇచ్చాయి. లాభాల రోజుల్లో అక్కడి వాణిజ్యం మీద ఫీజులు తీసుకున్నవి ప్రపంచ బ్యాంకులు, చీకటి రోజుల్లో నూనె పోసినవి రెండు భారత ప్రభుత్వ సంస్థలు. పాకిస్తాన్‌లో 2023 ఆరంభంలో లెటర్ ఆఫ్ క్రెడిట్లు తెరవలేక వేల కంటైనర్లు కరాచీ రేవులో ఇరుక్కున్నాయి. అక్కడి బహుళజాతి కంపెనీలు సంపాదించిన లాభాలను సొంత దేశాలకు పంపుకోలేకపోయాయి.

భారత్ పరిస్థితి అది కాదు. విదేశీ మారక నిల్వలు గట్టిగా ఉన్నాయి. కానీ పరిమితులు నిర్ణయించే కమిటీ ఎక్కడ కూర్చుంటుందన్న ప్రశ్న ఇక్కడ కూడా వర్తిస్తుంది. నీరవ్ మోదీ కుంభకోణం తర్వాత 2018 మార్చి 13న రిజర్వ్ బ్యాంకు లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్‌లను పూర్తిగా నిషేధించింది. పంజాబ్ నేషనల్ బ్యాంకుకు రూ. 13,000 కోట్లకు పైగా నష్టం తెచ్చిన ఆ పత్రాలను ఎత్తేయడంలో తప్పు పట్టేదేమీ లేదు. దాంతో దిగుమతిదారులకు చవకగా దొరికే స్వల్పకాలిక డాలరు రుణానికి ఒక పాత మార్గం మూసుకుపోయింది. విదేశాల్లో సొంత నెట్‌వర్క్, సొంత డాలర్లు ఉన్న బ్యాంకులకు అది మరింత చోటిచ్చింది.

టోక్యో, దుబాయ్ నుంచి

2025లో ఈ కథ కొత్త మలుపు తీసుకుంది. జపాన్‌కు చెందిన సుమితోమో మిత్సుయి బ్యాంకు, ఎస్ బ్యాంకులో 20 శాతం వాటాను రూ. 13,483 కోట్లకు కొనడానికి మే నెలలో ఒప్పందం చేసుకుంది. అమ్మినవి స్టేట్ బ్యాంకు, 2020లో ఎస్ బ్యాంకును కాపాడటానికి డబ్బు పెట్టిన మరో ఏడు బ్యాంకులు. ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు 24.99 శాతం దాకా వెళ్లడానికి అనుమతిచ్చింది. అక్టోబరులో దుబాయ్‌కి చెందిన ఎమిరేట్స్ ఎన్‌బీడీ, ఆర్‌బీఎల్ బ్యాంకులో 60 శాతం వాటాకు రూ. 26,853 కోట్లు పెడతానంది. ఒక విదేశీ బ్యాంకు భారతీయ ప్రైవేటు బ్యాంకులో మెజారిటీ తీసుకోవడాన్ని పదేళ్ల కిందట ఢిల్లీలో ఎవరూ సులభంగా ఒప్పుకునేవారు కాదు.

సిటీ బ్రాంచీలు అమ్ముకుంటుంటే వీళ్లెందుకు కొంటున్నారు? జపాన్ కంపెనీలు భారత్‌లో వెయ్యికి పైగా ఉన్నాయి. చెన్నై చుట్టుపక్కల, శ్రీసిటీలో, గురుగ్రామ్-నీమ్‌రానా దారి పొడవునా వాటి ఫ్యాక్టరీలు కనిపిస్తాయి. పెద్ద కార్ల కంపెనీకి ఖాతా ఇవ్వడానికి ముంబైలో ఒక్క కార్యాలయం చాలు. కానీ ఆ కార్ల కంపెనీకి బోల్టులు, సీట్లు, వైరింగ్ అందించే రెండో మూడో వరుస భారతీయ సరఫరాదారులకు అప్పివ్వాలంటే ఊళ్లలో బ్రాంచీ ఉండాలి, రూపాయి డిపాజిట్లు ఉండాలి, తనఖా పత్రాలు చదవగల స్థానిక మేనేజరు ఉండాలి. అది కట్టుకోవడం కంటే కొనుక్కోవడం తేలిక. దుబాయ్ బ్యాంకు లెక్కలో గల్ఫ్ ప్రవాసుల సొమ్ము, 2022లో కుదిరిన భారత్-యూఏఈ వాణిజ్య ఒప్పందం రెండూ ఉన్నాయి. కంపెనీ వెనుక బ్యాంకు రావడం పాత అలవాటు. ఇప్పుడు కంపెనీకి సరుకిచ్చేవాడి వెనుక కూడా వస్తోంది.

2020 సర్క్యులర్ ఖాతా కావాలంటే అప్పివ్వమంది, టోక్యో నుంచి వచ్చినవాళ్లు అప్పివ్వడానికే వస్తున్నారు. అది మంచి మార్పే. అయితే ఇంతకాలం ఆ సరఫరాదారులకు అప్పిస్తూ వచ్చింది కెనరా, ఇండియన్, యూనియన్ వంటి ప్రభుత్వ బ్యాంకుల స్థానిక బ్రాంచీలు. వాటి ఖాతాదారుల్లో సమయానికి డబ్బు కట్టేవాళ్లను, పెద్ద కంపెనీ ఆర్డర్లు చేతిలో ఉన్నవాళ్లను కొత్త బ్యాంకు తక్కువ వడ్డీ చూపి ఏరుకుంటే, మిగిలేవాళ్లు ఎవరన్నది శ్రీపెరంబదూర్‌లో గానీ శ్రీసిటీలో గానీ ఏ బ్రాంచి మేనేజరును అడిగినా చెబుతాడు. ఆ బ్రాంచి మేనేజరు చేతిలో వర్చువల్ అకౌంట్లు లేవు, సింగపూర్ తెరకు కనెక్షన్ లేదు, డాలరుకు పోటీ ధర చెప్పే అధికారం లేదు. సరఫరాదారు ఫోన్ చేస్తే అతను ఇప్పటికీ ముంబైలోని డీలింగ్ రూముకు ఫోన్ చేసి, రేటు కనుక్కుని, తిరిగి ఫోన్ చేస్తాడు. ఆ లోపు రేటు మారిపోతుంది.